ఫ్లఫ్ డబ్బాలో బెల్లం కలపనక్కరలేదు

మా అమ్మాయి వేరే రాష్ట్రంలో కాలేజీ హాస్టలుకు వెళ్లి రెండు నెలలు కాకముందే ఒక రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు చేసే ఫ్లఫ్ బార్లకు కొలతలన్నీ వరుసగా రాసి పంపు, ఇక్కడి వంటగదిలో ఒవెన్ ఉంది, నేనే చేసుకుంటాను" అని అడిగింది. అప్పటికి నేను దానికి పంపడానికని చెనక్కాయ ఉంటలు చుట్టి, కారప్పొడి దంచి, కదిరి నుంచి మా అమ్మ పంపిన చింతకాయ తొక్కును చిన్న సీసాలోకి మార్చి, పార్సిలు కట్టడానికి సిద్ధంగా కూర్చున్నాను. అది వాటిని వద్దనలేదు, అవీ పంపమనే అన్నది. కానీ ఇంటి మీద బెంగ పుట్టినప్పుడు దాని నాలుక ముందుగా వెతుక్కున్నది పీనట్ బటరూ మార్ష్‌మాలో క్రీమూ కలిసి ఒవెన్‌లో పొంగి, చల్లారాక పళ్లకు సాగే ఒక అమెరికా తీపిని అని ఆ రాత్రి నాకు తెలిసింది. మొదట నొచ్చుకున్నాను. కొన్ని వారాలు ఆలోచించాక ఆ నొచ్చుకోవడం తప్పని తేల్చుకున్నాను. పరాయి దేశంలో పిల్లల్ని పెంచే మనం వాళ్ల చిన్ననాటి రుచిని వాళ్లదిగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక దాన్ని మన నోటికి తగినట్టు సవరించడానికి పూనుకోకుండా, అరిసెల పాకం దగ్గర నిలబడినంత శ్రద్ధగా దాన్ని చేసిపెట్టాలి. నేను వాదించదలచుకున్నది ఇదే.

ఆ బార్లు ఏమిటో ఎరగనివారి కోసం చెబుతాను. వెన్న, పీనట్ బటర్, బ్రౌన్ షుగర్, మైదా, ఒక కోడిగుడ్డు కలిపిన మెత్తటి ముద్దను చదరపు తట్టలో పరిచి, దాని మీద మార్ష్‌మాలో ఫ్లఫ్ అనే తెల్లటి, జిగటైన నురుగు క్రీమును పూసి, మిగిలిన ముద్దను పైన అక్కడక్కడా తుంచి వేసి కాలుస్తారు. బొగ్గుల మీద కాల్చుకునే మార్ష్‌మాలో ముక్కలకు ఇది చుట్టమే కాని అది కాదు. ముక్కల మార్ష్‌మాలోను జెలటిన్ గట్టిపరుస్తుంది. జెలటిన్ జంతువుల చర్మం నుంచి, ఎముకల నుంచి తీసేది, అమెరికాలో అమ్మే మార్ష్‌మాలోలో ఎక్కువగా పంది నుంచి వచ్చినదే ఉంటుంది. ఫ్లఫ్‌లో ఉండేవి కార్న్ సిరప్, చక్కెర పాకం, ఎండబెట్టిన గుడ్డు తెల్లసొన, వెనిలా వాసన మాత్రమే. మా ఇంట్లో మాంసం తినము, గుడ్డు తింటాము. డబ్బా వెనుక ఆ నాలుగు పేర్లూ చదివిన రోజున, బడిలో తోటిపిల్లలు తినే తీపి ఒకటైనా మా అమ్మాయి చేతికి అనుమానం లేకుండా ఇవ్వవచ్చని నాకు ఎంతో ఊరట కలిగింది.

మేము అప్పట్లో మసాచుసెట్స్‌లోని సోమర్‌విల్‌లో అద్దెకు ఉండేవాళ్లము. ఈ ఫ్లఫ్ పుట్టిల్లు ఆ ఊరే. 1917 ప్రాంతంలో ఆర్చిబాల్డ్ క్వెరీ అనే ఆయన దీన్ని ఇంట్లో తయారుచేసి ఇంటింటికీ తిరిగి అమ్మేవాడు. మొదటి ప్రపంచయుద్ధం నాటి చక్కెర కొరతతో ఆ వ్యాపారం సాగక, తయారీ పద్ధతిని 1920లో అలెన్ డర్కీ, ఫ్రెడ్ మోవర్ అనే ఇద్దరికి 500 డాలర్లకు అమ్మేశాడు. వాళ్ల పేర్లు కలిపి పెట్టిన డర్కీ-మోవర్ సంస్థ దగ్గరలోని లిన్ పట్టణంలో ఈనాటికీ దాన్ని తయారుచేస్తోంది. అయితే పీనట్ బటర్‌తో దీని జోడీ మరొక ఇంట్లో కుదిరింది. మెల్రోజ్ అనే ఊళ్లో ఎమా కర్టిస్ అనే ఆవిడ, ఆమె సోదరుడు అమరీ కలిసి స్నోఫ్లేక్ అనే మార్ష్‌మాలో క్రీమును అమ్మేవారు. యుద్ధం వల్ల గోధుమ, మాంసం పొదుపుగా వాడమని ప్రభుత్వం కోరుతున్న 1918లో ఆమె ఓట్స్ రొట్టె మీదనో బార్లీ రొట్టె మీదనో పీనట్ బటరూ ఈ క్రీమూ రాసుకుని తినమని చెబుతూ, దానికి లిబర్టీ శాండ్‌విచ్ అని పేరుపెట్టి తయారీ విధానాన్ని అచ్చువేయించింది. ఈ శాండ్‌విచ్‌కు ఫ్లఫర్‌నట్టర్ అన్న పేరు మాత్రం 1960లో ప్రకటనల కోసం పుట్టింది. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువులోకి ఆ మాట ఎక్కినది 2021లో.

ఈ చరిత్ర నాకు పుస్తకాల వల్ల ముందుగా తెలియలేదు. మా కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు, ఎనభై దాటిన పెద్దావిడ, చలికాలం మొదలుకాగానే ఈ బార్లు కాల్చి, రేకు డబ్బాలో బటర్ పేపర్ వేసి పేర్చి, మెట్లెక్కలేక మా అమ్మాయిని పేరుపెట్టి పిలిచి చేతికిచ్చేది. తన చిన్నతనంలో బడికి తీసుకెళ్లిన శాండ్‌విచ్ రుచినే ఆమె ఈ బార్లలోకి తెచ్చుకుంది. మా అమ్మాయి పుట్టిన 2006లోనే ఆ ఊరి యూనియన్ స్క్వేర్‌లో ఏటా సెప్టెంబరులో జరిగే ఫ్లఫ్ పండుగ మొదలైంది. నడక నేర్చినప్పటి నుంచి మా అమ్మాయి ఆ జనం మధ్యనే తిరిగింది. నేను కదిరి తేరు చూస్తూ పెరిగినట్టే అది ఆ పండుగ చూస్తూ పెరిగింది. ఈ పోలిక కొందరికి పొసగకపోవచ్చు. ఒకటి దేవుడి రథోత్సవం, మరొకటి ఒక సరుకు పేరు మీద జరిగే వీధి సంబరం. కానీ నాలుగేళ్ల పిల్ల నాన్న భుజాల మీద కూర్చుని జనాన్ని చూస్తూ, చేతికి అంటిన తీపిని నాకుతున్నప్పుడు, ఏ ఊరి పిల్ల మనసులోనైనా ఆ ఊరు స్థిరపడిపోతుంది.

ఇక్కడి తెలుగువాళ్లలో నేను తరచుగా చూసే ఒక అలవాటు గురించి చెప్పాలి. సంక్రాంతికి అరిసెలు, దసరాకు ఓళిగలు చేసేటప్పుడు, ఇవి రేపు మీకు గుర్తుండిపోవాలి అన్న పట్టుదలతో చేసి పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుంటాము. అది మంచిదే, నేనూ చేశాను, ఇంకా చేస్తాను. కానీ వాళ్ల బడిలో, వీధిలో, స్నేహితుల ఇళ్లలో వాళ్లకు దొరికిన రుచులను మాత్రం చిరుతిండి అని, చెత్త అని, అలవాటు తప్పిపోవలసినవని ఒక మాటతో పక్కకు నెడతాము. జ్ఞాపకం మన అనుమతి తీసుకుని ఏర్పడదు. అరిసెలకు సంక్రాంతితో సంబంధం ఎందుకు ఏర్పడిందంటే, ఆ రోజులకు కొత్త బియ్యం, కొత్త బెల్లం ఇంటికి వస్తాయి. ఆ కాలంలో, ఆ చోట చేతికి అందినదానితో ఇల్లాళ్లు చేసిన తీపి అది. 1918లో గోధుమ పొదుపు చేస్తున్న ఎమా కర్టిస్ బార్లీ రొట్టె అందుకున్నదీ అదే తీరున. పుట్టుకలో రెండింటికీ ఇంత దగ్గరితనం ఉన్నప్పుడు ఒకదానికి పీట వేసి, మరొకదాన్ని గుమ్మం బయట నిలబెట్టడం న్యాయం కాదు.

నేనూ చాలాకాలం ఆ అన్యాయమే చేశాను. మా యజమానురాలు కాలం చేశాక, బార్లు చేసిపెట్టమని మా అమ్మాయి నన్ను అడగడం మొదలుపెట్టింది. మొదటిసారి నేను బ్రౌన్ షుగర్ తీసేసి దాని స్థానంలో బెల్లం తురిమి వేశాను. బ్రౌన్ షుగర్ అంటే మొలాసిస్ కలిపిన చక్కెరే కదా, బెల్లం దానికంటే రుచీ మేలూ అనుకున్నాను. బెల్లం ముద్దలో సరిగా కరగలేదు, దాని ఉప్పదనమూ చెరకు వాసనా పీనట్ బటర్‌ను కప్పివేశాయి. రెండోసారి చక్కెర, నూనె ఏమీ కలపని పీనట్ బటర్ తెచ్చాను. అందులో నూనె విడిపోయి పైకి తేలుతుంది. ఎంత కలిపినా కాలేటప్పుడు ఆ నూనె తట్ట అడుక్కు జారి, బార్లు ఇసుకలా రాలాయి. 1920ల్లో జోసెఫ్ రోజ్‌ఫీల్డ్ అనే ఆయన నూనెలో కొంత భాగానికి హైడ్రోజన్ పట్టించి, పీనట్ బటర్‌లో నూనె పైకి తేలకుండా చేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ తరువాత ఇళ్లలో పుట్టిన వంటకాలన్నీ ఆ గట్టి, నున్నటి పీనట్ బటర్‌ను ఊహించుకుని రాసినవే. ఆరోగ్యం పేరుతో దాన్ని మార్చినప్పుడు కొలతల లెక్కంతా తప్పుతుంది.

మూడోసారి చేసిన ప్రయత్నం మా అత్తగారి కోసం. ఆమె గుడ్డు తినరు. ఆరు నెలలు మా దగ్గర ఉండడానికి వచ్చినప్పుడు, ఆమె కూడా తినేలా, జెలటిన్‌కూ గుడ్డుకూ బదులు సముద్రపు నాచు నుంచి తీసే ఆగర్‌తో మార్ష్‌మాలో చేద్దామని కూర్చున్నాను. పాకం వరకు నాకు కొత్త ఏమీ కనిపించలేదు. చక్కెర, కార్న్ సిరప్, నీళ్లు కలిపి 240 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 115 సెల్సియస్ దాకా కాచాలి. థర్మామీటరు లేకపోయినా చెప్పగలను, నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య మెత్తగా ఉండకట్టే పాకం అది. చెనక్కాయ పట్టికైతే ఇంకా ముదరనిచ్చి, పళ్లెంలో వేస్తే ఖంగుమనేదాకా, దాదాపు 150 సెల్సియస్ దాకా పోతాము. పాకం పలుకులు కట్టకుండా అమ్మ నిమ్మరసం పిండేది. కార్న్ సిరప్ చేసే పనీ అదే. నిమ్మలోని పులుపు చక్కెరను విడగొట్టి గ్లూకోజు పుట్టిస్తుంది, కార్న్ సిరప్ ఆ గ్లూకోజును సిద్ధంగా తెచ్చిస్తుంది. ఇంతవరకు మా పొయ్యీ వాళ్ల పొయ్యీ ఒకటే. ఆ తరువాత దారులు వేరయ్యాయి. జెలటిన్ ఒంటి వేడికే కరిగేది కాబట్టి నోట్లో సాగుతుంది. ఆగర్ 85 సెల్సియస్ దగ్గరకు వస్తే గాని కరగదు, అందుకే అది సాగకుండా పుటుక్కున విరుగుతుంది. మా అత్తగారు రెండు ముక్కలు మర్యాద కోసం తిని, "అమ్మా, నాకు పట్టి చేసిపెట్టు, పిల్లకు దానిది దానికి చేయి" అన్నారు.

మా అమ్మాయి ఆ మూడుసార్లూ తట్ట ఖాళీ చేసింది, మొదటి రెండుసార్లు ఒక్క మాట కూడా అనలేదు. మూడోసారి మాత్రం గిన్నె కడుగుతూ, "బాగుందమ్మా, కానీ ఇది అది కాదు" అన్నది. అప్పటికి దానికి పదేళ్లు. కదిరి నుంచి అమ్మ పంపే ఉంటల్లో ఎవరైనా బెల్లానికి బదులు కార్న్ సిరప్ వేస్తే నేనూ అదే మాట అంటానని అప్పుడు తోచింది. నేను సవరించినది వంటకాన్ని అనుకున్నాను. కింది వాటా పెద్దావిడ దగ్గర మా అమ్మాయి పొందిన ప్రేమను కూడా నేను మార్చబోయానని తెలిసి సిగ్గుపడ్డాను.

చెనక్కాయ మనది కదా, దాని విషయంలో మనకు చెప్పే హక్కు ఉన్నదని ఒక బంధువు నాతో వాదించారు. నేను చెనక్కాయ చేలలో పెరిగినదాన్ని. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కూడా సరిగా కురవని ఆ ఎర్రనేలల్లో, వానను నమ్మి విత్తనం వేసి, తీగ పీకి, కాయలు ఒలిచి, చేతివేళ్లు పగిలిన ఇళ్లు ఎన్నో నాకు తెలుసు. కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కదిరి-6 రకం పేరు మా నాన్న నోట విన్నంతగా నేను ఏ బంధువు పేరూ వినలేదు. ఆ కాయ మీద నాకున్న మమకారం మాటల్లో పెట్టలేను. అయినా ఆ మొక్క సొంతగడ్డ దక్షిణ అమెరికా. ఖండాలు దాటించే ఓడలు వచ్చిన తరువాతే అది మన పొలాల్లోకి చేరి, మన పల్లెల్లో ఊరుబిండి అయింది, పట్టి అయింది. జార్జియా రాష్ట్రపు ఇసుక నేలల్లో పండే రన్నర్ రకం కాయ వేరొక దారిలో వెళ్లి, పీనట్ బటర్ అయి, మా అమ్మాయి నాలుక మీదకు వచ్చింది. ఆ రెండు దారుల్లో ఒకటే అసలైనదని నేను చెప్పలేను.

గట్టిగా వినవలసిన అభ్యంతరాలు రెండున్నాయి. ఇది కంపెనీలు తయారుచేసిన జ్ఞాపకం అన్నది మొదటిది. ఫ్లఫర్‌నట్టర్ పేరు ప్రకటనల వాళ్లదే, నిజం. మార్ష్‌మాలోతో అమెరికన్లు చేసే మరో ఇష్టమైన తీపి, మరమరాల వంటి రైస్ క్రిస్పీస్‌ను కరిగించిన మార్ష్‌మాలోలో కలిపి తట్టలో అదిమేది, 1939లో కెల్లాగ్ సంస్థ ఉద్యోగినులు మిల్డ్రెడ్ డే, మలిటా జెన్సన్ రూపొందించినది. బాలికల సంఘం నిధుల కోసం అమ్ముకోవడానికి వాళ్లు దాన్ని చేశారు, తరువాత పెట్టె మీద అచ్చయింది. కాని ఆ పెట్టెను చించి, బెల్లమూ మరమరాలూ కలిపి ఉండలు చుట్టే మన అమ్మల్లాగే, చేతికి వెన్న రాసుకుని వేడివేడిగా అదిమిన తల్లులు కంపెనీ మనుషులు కాదు. పద్ధతి ఎవరు రాసినా, ఆదివారం మధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబడినది ఒక మనిషి. ఆ మనిషినే పిల్లలు గుర్తుపెట్టుకుంటారు.

రెండోది చక్కెర. ఇది మరింత బరువైన మాట, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2006లో మసాచుసెట్స్ రాష్ట్ర సెనేటర్ జారెట్ బారియోస్, తన కొడుకుకు బడిలో ఫ్లఫర్‌నట్టర్ పెడుతున్నారని తెలిసి, బడి భోజనాల్లో ఫ్లఫ్ పెట్టడాన్ని వారానికి ఒకసారికి పరిమితం చేయాలని ప్రతిపాదించారు. అందుకు బదులుగా ప్రతినిధి కేథీ-ఆన్ రైన్‌స్టీన్ దాన్ని రాష్ట్ర అధికారిక శాండ్‌విచ్ చేయాలని ప్రతిపాదించారు. ఊరంతా నవ్వుకున్న ఆ తగాదాలో నా ఓటు బారియోస్‌కే. రోజూ పెట్టవలసిన తిండి కాదిది. నేను చేసే తట్టలో ఒక్కో ముక్కకు చక్కెర 20 గ్రాములకు దగ్గరగా ఉంటుంది. పిల్లలకు రోజు మొత్తానికి అదనపు చక్కెర 25 గ్రాముల లోపే ఉండాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. అందుకని చక్కెర తగ్గించి రుచి చెడగొట్టి నెలకు నాలుగుసార్లు పెట్టేకంటే, ఉన్నదున్నట్టుగా చేసి ఏడాదికి రెండుసార్లు పెట్టడం మేలని నా నిర్ణయం. అరిసెలను మనం తగ్గించిన బెల్లంతో చేయము, సంక్రాంతి దాకా ఆగుతాము. చెనక్కాయ పడని పిల్లల ప్రాణానికి ముప్పు కాబట్టి చాలా బడుల్లో ఇప్పుడు పీనట్ బటర్ తీసుకురానివ్వరు. అది సరైన నియమం. ఒకనాడు బడి డబ్బాలో ఉన్న రుచి ఇక ఇంట్లోనే బతకాలి. మా ఇంటికి వచ్చే పిల్లల తల్లిదండ్రులను ముందే అడగకుండా నేను ఆ తట్ట మూత తీయను.

మా అమ్మాయికి రాసి పంపిన కొలతలు ఇవి. 8 అంగుళాల చదరపు తట్ట. వెన్న 113 గ్రాములు, మామూలు నున్నటి పీనట్ బటర్ 190 గ్రాములు, బ్రౌన్ షుగర్ 200 గ్రాములు, గుడ్డు ఒకటి, వెనిలా ఒక చెంచా, మైదా 155 గ్రాములు, బేకింగ్ పౌడర్ అర చెంచా, చిటికెడు ఉప్పు, ఏడున్నర ఔన్సుల ఫ్లఫ్ డబ్బా ఒకటి. వెన్న కరగకూడదు, వేలు దిగేంత మెత్తబడితే చాలు. వెన్ననూ పీనట్ బటర్‌నూ చక్కెరతో కలిపి గిలకొట్టి, తరువాత గుడ్డు, వెనిలా, చివరగా పిండి కలపాలి. పిండి పడిన తరువాత ఎక్కువ తిప్పితే బార్లు గట్టిపడతాయి. ముద్దలో మూడింట రెండు వంతులు తట్టలో అదమాలి. ఫ్లఫ్ పూసే దగ్గరే అందరూ విసుగుతారు, అది చెంచాను వదలదు. మా యజమానురాలు చెంచాను వేడినీళ్లలో ముంచి తీసి పూసేది, అరిసెలు తట్టే ఆకుకు మనం నూనె రాసినట్టు. అంచుల దాకా పూయాలి. చాలా వంటల పుస్తకాలు అంచు వదలమంటాయి, ఆమె వదిలేది కాదు, నేనూ వదలను. మిగిలిన ముద్దను తుంచి పైన వేసి, 350 ఫారెన్‌హీట్‌లో, అంటే 175 సెల్సియస్‌లో, 25 నుంచి 30 నిమిషాలు. ఫ్లఫ్‌లోని గాలి బుడగలు వేడికి ఉబ్బి తట్ట నిండుతుంది, బయటికి తీయగానే కుంగుతుంది. కుంగితే కంగారుపడవద్దని ప్రత్యేకంగా రాశాను. కొంత ఫ్లఫ్ ముద్దలోకి ఇంకి పాకంలా మారుతుంది, మిగిలినది సాగుతుంది. పూర్తిగా చల్లారేదాకా, కనీసం మూడు గంటలు, కత్తి పెట్టకూడదు. 16 ముక్కలు కోయాలి.

అంచు దాకా పూసిన ఫ్లఫ్ మూలల్లో రేకుకు తగిలి మాడీ మాడకుండా గోధుమరంగు తిరిగి, చల్లారాక చెనక్కాయ పట్టిలా పటపటలాడుతుంది. తట్టకు అలాంటివి నాలుగే ముక్కలు వస్తాయి, మా ఇంట్లో వాటికోసం ఎప్పుడూ పోటీ ఉండేది. నవంబరులో మా అమ్మాయి సొంతంగా చేసి ఫొటో పంపింది. నడుమ కొంచెం పచ్చిగా ఉంది, మూలలు సరిగ్గా కాలాయి. "రెండు మూలలు నా రూమ్‌మేట్‌కు ఇచ్చాను, రెండు దాచుకున్నాను, అవ్వ చేసే పట్టి అంచులాగే ఉన్నాయి" అని రాసింది. నేను ఉంటలకు తోడుగా ఇంకో తట్ట కాల్చి, ఈసారి నాలుగు మూలలూ దాని పార్సిల్లోనే పెట్టాను.